మా ఊరి లడాయి బొమ్మ

పోయిన నెల మా ఊరి సర్పంచ్ ఫోన్ చేసింది. ఒకప్పుడు నా దగ్గర డ్రాయింగ్ నేర్చుకున్న పిల్లే. "మేడం, బోధన్ రోడ్డు ఎడల్పు చేస్తున్నరు. బస్టాండు కాడి లడాయి బొమ్మను తీసి పంచాయితీ ఆఫీసు ముంగట పెడ్తున్నం. ఎనుక ఒక ఫ్లెక్సీ కడ్తం. ఆయన ఏ లడాయిల పోయిండో జర నాలుగు ముక్కలు రాసియ్యుండ్రి," అంది. ఊళ్ళో ఎవరినైనా అడగకపోయావా అన్నాను. "అడిగిన మేడం. ఒగలు కార్గిల్ అంటున్నరు, ఒగలు రజాకార్ల లడాయి అంటున్నరు. మా మామైతే, ఆయన ఏ లడాయికీ పోలే, మొన్నమొన్నటిదాంక బస్టాండ్లనే కూసునేటోడు, నేనే సూసిన అంటుండు." ఆ మామ మాటకు నాకు నవ్వాగలేదు. ఎందుకంటే ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. నాలుగు ముక్కలు రాసి పంపుదామని కూర్చున్నాను గానీ, ఆ నాలుగు ముక్కల్లో మా అవ్వ పట్టదు, మా తాత అసలే పట్టడు. ఫ్లెక్సీకి కావలసింది వేరే రాసిచ్చి, మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

బోధన్ నుంచి వర్ని పోయే దారిలో మా ఊరు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. డ్రాయింగ్ లోయరూ హయ్యరూ రెండూ పాసై, టీచరు ఉద్యోగం పరీక్షకు చదువుకుంటూ ఇంటి పట్టున ఉన్నాను. చదువుకోవడమంటే ఒళ్ళో బీడీల చాట, చాట పక్కన నేల మీద జనరల్ నాలెడ్జి పుస్తకం. మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ ఖాళీ చేతులతో కూర్చుని చదివిన పాపాన పోలేదు. పొద్దున కళ్ళు తెరిచేసరికే తడి గోనెలో చుట్టిన తునికాకు వాసన వచ్చేది. అది వాన పడిన అడవి వాసనలా ఉండేది. ఎండెక్కాక తంబాకు ఘాటు దాన్ని తొక్కేసేది. చెరుకు సీజన్లో గాలి ఇటు మళ్ళితే చక్కెర ఫ్యాక్టరీ దిక్కు నుంచి బెల్లప్పాకం పులిసినట్టుండే వాసన వచ్చి, ఆ రెంటి మీదా పరుచుకునేది. ఆరేసిన బట్టల మీద నల్లటి నుసి పడేది. బయటివాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. మాకు మాత్రం ఆ వాసన రాలేదంటే ఫ్యాక్టరీలో ఏదో ఆగిందని, నాన్నకు, అంటే మా బాపుకు, పని లేదని గుబులు పుట్టేది.

నాన్నమ్మను మేమందరం అవ్వ అనే పిలిచేవాళ్ళం. ఆమె పేరు పోశవ్వ. బీడీ చుట్టేటప్పుడు చేతుల వంక చూసేది కాదు. వాకిట్లో పోయేవాళ్ళను చూస్తూ, వాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు చెబుతూ చుట్టేది. మాట ఆపి కట్టకు దారం వేసిందంటే ఇరవై అయిదు అయినట్టే లెక్క. తాత పేరు సాయిలు. ఆయనవి మూడు పట్టుదలలు. కాలికి చెప్పు వేసుకోడు. రైలెక్కడు, నిజామాబాద్ పోవాలన్నా బస్సులోనే పోతాడు. మూడోది మీసం. దాన్ని పగిలిన అద్దం ముందు కూర్చుని అవ్వ బీడీ కత్తెరతోనే కత్తిరించుకునేవాడు. "ఆకుల ఎంటికలు వస్తున్నయి. కార్ఖానల నా బీడీలు తీసి పారేస్తున్నరు," అని అవ్వ యాభై ఏళ్ళుగా మొత్తుకుంటూనే ఉంది. ఆయన యాభై ఏళ్ళుగా కత్తెర దొంగిలిస్తూనే ఉన్నాడు.

ఆ ఏడు కార్గిల్ యుద్ధం జరిగింది. సర్పంచ్ భూమన్న ఇంట్లో టీవీ ముందు ఊరంతా కూర్చుని చూశాం. మంచు కొండలు, ఫిరంగులు, జెండా కప్పిన పెట్టెలు. మా ఊరి జనానికి మంచు అంటే సోడా బండిలో ఐసుగడ్డే. అయినా ఆ పెట్టెలు దించుతుంటే అందరం లేచి నిలబడ్డాం. యుద్ధం అయిపోయాక చుట్టుపక్కల ఊళ్ళలో అమరవీరుల స్తూపాలు లేవడం మొదలైంది. జక్రాన్‌పల్లి దిక్కు పెళ్ళికి పోయివచ్చిన భూమన్న, "దారెంట మూడు సూసిన. మనూరు గింత పెద్దూరు, మనకు ఒకటి లేకపోతే ఎట్ల?" అన్నాడు. ఊళ్ళో బొమ్మలు గీయడం వచ్చింది నాకొక్కదానికే కాబట్టి పంచాయతీకి పిలిపించారు. అక్కడ హెడ్మాస్టరు సారు అప్పటికే కుర్చీలో ఉన్నారు. ఆయన బడిలోనే కాదు, ఇంట్లో కూడా పుస్తకాల తెలుగే మాట్లాడతారని వాళ్ళ పిల్లలు చెప్పేవాళ్ళు. విహారయాత్రకు ఢిల్లీ పోయినప్పుడు ఇండియా గేటు ముందు దిగిన ఫోటో ఆయన జేబులో సిద్ధంగా ఉంది. "అమ్మాయీ, ఇది మన జాతి ఆత్మ. దీనికి మించిన నమూనా లేదు. ఇదే గీయి," అన్నారు.

గీశాను. బోధన్ రోడ్డుకు అడ్డంగా, మా బస్టాండు దగ్గర ఇండియా గేటు. చార్టు మీద నిజంగానే బాగుంది. భూమన్న దాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. చివరికి, "చెరుకు లారీ పడుతదా?" అన్నాడు. సారు, "ఇది అమరుల ద్వారమయ్యా," అన్నారు. "అమరులు పడుతరు సారూ. నేను లారీ గురించి అడుగుతున్న. మనోళ్ళు లోడు ఎంత ఎత్తు కడ్తరో మీకెర్కనే." లారీ పట్టేటట్టు పెంచి గీస్తే ఆ ఎత్తుకు సిమెంటు ఊళ్ళో ఇళ్ళన్నీ కూలగొట్టినా రాదని తేలింది. రోడ్డు పక్కకు జరిపి గీస్తే, దాని వెనక కల్లు దుకాణం ఉంది. అమరుల ద్వారంలోంచి జనం నేరుగా కల్లు దుకాణంలోకి పోతారు. సారు ఫోటో జేబులో పెట్టుకున్నారు గానీ మనసులో పెట్టుకున్నది అట్లాగే ఉంది. ఆఖరుకు ఒక దిమ్మె, దాని మీద తుపాకి పట్టుకున్న సిపాయి అని ఒప్పందం కుదిరింది. బస్సులోంచి కూడా కనబడాలని భూమన్న షరతు పెట్టాడు.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. దిమ్మె మీద పేరు చెక్కాలి కదా. మా ఊరి నుంచి కార్గిల్లో ఎవరూ పోలేదు. అంతకుముందు యుద్ధాల్లోనూ ఎవరూ పోలేదు. అసలు సైన్యంలో ఉన్నవాడే లేడు. మావాళ్ళు ఫ్యాక్టరీకి పోయారు, దుబాయి పోయారు, సరిహద్దుకు మాత్రం పోలేదు. భూమన్న డప్పు చాటింపు వేయించాడు. ఎవరింట్లోనైనా లడాయిలో చచ్చినవాళ్ళుంటే పంచాయతీకి వచ్చి పేరు రాయించుకోవాలని. మొదట వచ్చినాయన తన చిన్నాయన పొలం గట్టు లడాయిలో పోయాడన్నాడు. రెండో ఆయన కువైట్ లడాయి అప్పుడు అక్కడే ఉన్నానని, నానా తిప్పలు పడి వచ్చానని చెప్పాడు. "నువ్వు బతికే ఉన్నవు గదనే," అన్నాడు భూమన్న. "అవునే, గా లడాయిల నా టీవీ పోయింది," అన్నాడతను.

డప్పు మా వాకిట్లోకి వచ్చినప్పుడు అవ్వ బీడీలు చుడుతోంది. చాటింపు విని, చెయ్యి ఆపకుండా, "మనింట్ల ఉన్నడు గద ఒకడు," అంది. నేను, అమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తాత అద్దం ముందు మీసం కత్తిరించుకుంటున్నవాడు కత్తెర పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. అవ్వ దారం వేస్తూ మామూలుగా చెప్పింది. "జర్మన్ లడాయిల పోయిండు, గంగారాం. నా మొదటి పెనిమిటి."

అవ్వది మారుమనువని నాకు లీలగా తెలుసు. మాలో అది ఆశ్చర్యమేమీ కాదు. కానీ ఆ మొదటి మనిషి పేరు ఇంట్లో ఎవరూ ఎత్తగా నేను వినలేదు. అవ్వకు పన్నెండేళ్ళప్పుడు పెళ్ళయిందట. ఇంకా కాపురానికి పోనేలేదు. గంగారాం చెరుకు బండ్లు తోలేవాడు. రెండో జర్మన్ లడాయి, అంటే రెండో ప్రపంచ యుద్ధం, జోరు మీదున్నప్పుడు సైన్యానికి మనుషుల్ని పట్టేవాడొకడు చెరుకు కాంటా దగ్గరికి వచ్చాడు. బూట్లు ఇస్తామన్నాడు, రెండు పూటలా తిండన్నాడు, రోజూ చక్కెర వేసిన చాయ్ అన్నాడు. బండ్ల కొద్దీ చెరుకు మోసిన మనిషి అప్పటిదాకా చక్కెర చాయ్ తాగలేదు. పోయాడు. రెండేళ్ళకు ఇంగ్లీషు కాగితం వచ్చింది. ఫ్యాక్టరీ గుమాస్తా చదివి, బర్మా దిక్కు పోయాడని చెప్పాడు. ఆ కాగితం గూట్లో పెడితే చెదలు తిన్నాయి. కొన్నాళ్ళకు పెద్దమనుషులు గంగారాం చిన్నాయన కొడుకు సాయిలుకు అవ్వనిచ్చి మారుమనువు చేశారు. ఆ సాయిలే మా తాత.

ఆ పూట నుంచి తాత అలిగాడు. మంచం తీసుకుపోయి బర్రెల కొట్టంలో వేసుకున్నాడు. అవ్వతో మాట బంద్. ఆమెకు చెప్పవలసిందంతా బర్రెకు చెప్పడం మొదలుపెట్టాడు. "సూసినవానె, సచ్చినోనికి బొమ్మ పెడ్తరట. బతికి యాభై ఏండ్లు సాదినోనికి జొన్న గటుక పెడ్తరట." అవ్వ కూడా తక్కువ తినలేదు. దాణా పెట్టడానికి పోయి ఆమె కూడా బర్రెతోనే, "గటుక వద్దంటె రొట్టె ఉన్నదని చెప్పవె," అనేది. ఆ పది రోజులూ మా ఇంట్లో అందరికంటే ఎక్కువ సంగతులు విన్నది ఆ బర్రే. పాలు కూడా తగ్గించింది.

పంచాయతీలో మాత్రం ఇంకో గొడవ. గంగారాం పేరు వినగానే హెడ్మాస్టరు సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అతను మరణించినది తెల్లదొరల సైన్యంలో. ఒకవంక మన నాయకులు స్వాతంత్య్రం కోసం చెరసాలల్లో మగ్గుతుంటే ఇతను మన శత్రువు జీతం తీసుకున్నాడు. ఇతన్ని మన జాతి అమరుడని పిల్లలకు నేనెట్లా చెప్పను?" అన్నారు. అందరికీ సబబుగానే తోచింది. భూమన్న మొహం వాలిపోయింది. ఉన్న ఒక్కడూ పోయె అనుకున్నట్టున్నాడు. అవ్వ నాతోపాటు వచ్చి గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. అక్కడి నుంచే అంది. "సారూ, గప్పుడు దేశం యాడుందో మాకెవరు చెప్పిండ్రు? మా మీద దొర ఉండె, దొర మీద నైజాం ఉండె, నైజాం మీద తెల్లోడు ఉండె. ఆకలి ఒక్కటి మా దగ్గర ఉండె. ఆడు దానెంబడి పోయిండు." సారు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు గానీ తలూపలేదు.

నా చేతిలో జనరల్ నాలెడ్జి పుస్తకం ఉంది. నాలుగు రోజుల క్రితమే ఆ పేజీ చదివాను. చెప్పాలా వద్దా అని తెగ ఆలోచించాను. ఆయన నాకు ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పాఠం చెప్పిన మనిషి. చివరికి లేచి నిలబడి, తరగతిలో చదివినట్టే చదివాను. ఇండియా గేటును కట్టించింది ఆంగ్లేయులే. మొదటి ప్రపంచ యుద్ధంలో, అఫ్ఘాను యుద్ధంలో వాళ్ళ తరఫున పోరాడి చనిపోయిన భారత సైనికుల కోసం కట్టించారు. ఆ గోడల మీద ఉన్నవి వాళ్ళ పేర్లే. భూమన్న మెల్లగా, "అంటె సారూ, మీరు ఫోటో దిగింది గంగారాం అసొంటోళ్ళ ముంగటనేనా?" అన్నాడు. సారు పుస్తకం తీసుకుని ఆ పేజీ చదివారు. అట్ట చూశారు. అచ్చు వేసిన ఊరు చూశారు. "చౌకబారు పుస్తకం. తప్పు పడి ఉంటుంది," అని తిరిగిచ్చి వెళ్ళిపోయారు.

మూడో రోజు ఎండపూట సారు మా ఇంటికి వచ్చారు. అంతకుముందు ఆయన మా గడప తొక్కిందే లేదు. కుర్చీ లేక అమ్మ తంబాకు డబ్బా బోర్లించి పైన తువ్వాల పరిచింది. దాని మీద కూర్చుని, ఆ ఘాటుకు రెండుసార్లు తుమ్మి, నిజామాబాద్ పోయి పెద్ద గ్రంథాలయంలో చూసి వచ్చానన్నారు. ఏం చూశారో చెప్పలేదు. జేబులోంచి కాగితం, కలం తీశారు. "అమ్మా, ఆయన పూర్తి పేరు చెప్పండి," అన్నారు. అవ్వ చాట పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, కొంగు సర్దుకుని అప్పుడు చెప్పింది. సారు చెప్పిన పాఠాలు ఎన్నో మర్చిపోయాను గానీ, ఆయన్ను ఆ తంబాకు డబ్బా మీద కూర్చుని ఒక పేరు జాగ్రత్తగా రాసుకున్నందుకు మాత్రం ఇప్పటికీ తలచుకుంటాను.

బొమ్మ చేయడానికి విఠల్ మిస్త్రీ వచ్చాడు. ధర్మాబాద్ దిక్కు మనిషి. సగం మరాఠీ, సగం తెలుగు. వినాయకులు చేస్తాడు, నాయకులు చేస్తాడు. అతని దగ్గర సిపాయి అచ్చు లేదు. ఒక చెయ్యి ముందుకు చాపిన నాయకుడి అచ్చు ఉంటే దానికే సిపాయి బట్టలు తొడిగి, చాపిన చేతిలో తుపాకి పెట్టాడు. సిపాయి తుపాకిని ఎవరికో ఇస్తున్నట్టు వచ్చింది. నేను గీసిన కాగితం చూపించి పోట్లాడితే ఆ చెయ్యి విరగ్గొట్టి మళ్ళీ చేశాడు. పై జేబులో నాయకుడి కలం మాత్రం దాచలేకపోయాడు. అది ఇప్పటికీ ఉంది.

మొహం దగ్గర పని ఆగింది. ఫోటో లేదు. విఠల్ అవ్వను అడిగాడు, మనిషి ఎట్లుంటుండె అని. "నేను సూసింది రెండే దినాలు. పెండ్లినాడు, పెండ్లి తెల్లారి. తల వంచుకోని ఉంటి. కాళ్ళు యాదికున్నయి," అంది అవ్వ. బొటనవేలి కంటే పక్క వేలు పొడుగట. ఎడమ మడమ మీద బండి ఇరుసు తగిలిన మచ్చట. ఎంత వివరంగా చెప్పిందంటే ఆ కాళ్ళను నేను అప్పటికప్పుడు గీయగలను. విఠల్ నెత్తి గోక్కున్నాడు. "అవ్వా, సిపాయికి బూట్లు ఉంటయి. కాళ్ళు ఎట్ల సూపియ్యాలె?" చేసేది లేక తనకు తోచిన మొహమొకటి మట్టితో మెత్తాడు. అది అచ్చం విఠల్ బావమరిదిలా వచ్చిందని అతని కూలీలే నవ్వారు.

ఈ పనంతా మా ఇంటి వెనక, బర్రెల కొట్టం పక్కనే జరుగుతోంది. తాత మంచం మీద అటు తిరిగి పడుకునే ఉన్నాడు గానీ చెవులు ఇటే ఉన్నాయి. ఆ మట్టి మొహాన్ని చూసి ఆగలేకపోయాడు. బర్రెకు కాదు, ఈసారి మనిషికే చెప్పాడు. "గా ముక్కేంది? గాయినకు గసొంటి ముక్కు ఎన్నడుండె?" విఠల్ ముక్కు సరిచేశాడు. "చెవులు గింత పెద్దగ లేకుండె." చెవులు కోశాడు. "మూతి గట్ల కాదు. గాడు మా పెద్దనాయన కొడుకు. వాని మూతి మా ఇంటి మూతి." ఒక గంట గడిచాక విఠల్ చేతిలో మట్టి కింద పెట్టి, "బాబా, తుమ్హీచ్ బసా," అని దండం పెట్టాడు. నువ్వే కూర్చో అని. తాత ఒప్పుకోడనుకున్నాను. లేచి మొహం కడుక్కుని, కత్తెర అడిగాడు. యాభై ఏళ్ళలో మొదటిసారి అడిగి తీసుకున్నాడు. అవ్వ మారు మాట్లాడకుండా ఇచ్చింది.

రెండు పూటలు కూర్చున్నాడు. విఠల్ కదలొద్దన్నాడు గానీ మాట్లాడొద్దనలేదు. రెండో పూట, మూతి పని నడుస్తుండగా, నేను పక్కన నీళ్ళ బకెట్ పట్టుకుని ఉన్నాను. తాత నన్ను చూడకుండా ఎదురుగా గోడను చూస్తూ మొదలుపెట్టాడు. "బిడ్డా, గా దినం నేను గూడ ఏలిముద్ర ఏసిన. ఇద్దరం బోధన్ల రైలెక్కినం. జానకంపేట టేషన్ల రైలు శానాసేపు ఆగింది. నీళ్ళు తాగొస్తనని దిగిన. తాగిన. ఇంజను కూత పెట్టింది. నాకు కాళ్ళు రాలే. తుమ్మ చెట్టెనుక కూసున్న. గంగారాం కిటికిలకెల్లి తలకాయ బైటవెట్టి, సాయిగా, సాయిగా అని పిలుస్తనే ఉన్నడు. రైలు మలుపు తిరిగేదాంక పిల్సిండు." విఠల్ చెయ్యి ఆగింది. తాత కదలలేదు. "నడుసుకుంట ఇంటికొచ్చిన. మల్ల వాని పెండ్లాన్నే జేస్కుంటి. నీకు సదువొచ్చు, నువ్వు చెప్పు. నేను చేసింది తప్పా?"

జనరల్ నాలెడ్జిలో లేని ప్రశ్న అది. అప్పుడే అవ్వ మూడు గ్లాసుల చాయ్ పట్టుకుని వచ్చి నిలబడింది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. ఒక గ్లాసు తాత చేతిలో పెట్టింది. "గది నాకెర్కనే," అంది. తాత అప్పుడు కదిలాడు. విఠల్ మొత్తుకున్నాడు. "ఎట్లెర్క?" అన్నాడు తాత. "నిద్దర్ల నీ పేరు నువ్వే పిల్సుకుంటవు. మనువైన మూడో దినం నుంచి వింటున్న. ఏ మనిషన్న తన పేరు తనే పిల్సుకుంటడా? గప్పుడే సమజైంది, గా పిలుపు ఇంకొకనిదని, నువ్వు రైలెందుకెక్కవో గూడ." "మల్ల నాకెందుకు చెప్పలే?" "నువ్వు చెప్తవేమోనని సూసిన," అని అవ్వ రెండో గ్లాసు విఠల్‌కు ఇచ్చింది. ఆ సాయంత్రం తాత మంచం కొట్టంలోంచి వరండాలోకి వచ్చింది. రెండు రోజులకు బర్రె పాలు కూడా మామూలయ్యాయి.

రాయి మీద ఏం రాయాలన్నది సారు చూసుకున్నారు. "మాతృభూమి రక్షణార్థం అసువులు బాసిన ధీరోదాత్తుడు" అని మొదలై ఒక పేజీ ఉంది. అవ్వకు చదివి వినిపించారు. "అసువులు బాసుడంటె ఏంది సారూ?" అంది. "ప్రాణాలు విడవడమమ్మా." "అంటె సచ్చుడే గద. మాకు సచ్చినట్టు కాగితమొచ్చింది గాని మనిషి రాలే. పోయిండు, రాలే. గంతనే నాకెర్క." సారు కలం తీసి ఒక్కో ముక్కా కొట్టేస్తూ వచ్చారు. అంత చిన్న రాయి మీద పేజీ పట్టదని చెక్కేవాడు కూడా చెప్పాడు. చివరికి పేరు, కింద ఊరి పేరు, దాని కింద "లడాయికి పోయిండు. తిరిగి రాలే" అని చెక్కించారు. ఆ భాష తన చేత్తో రాయడానికి సారుకు కలం ఎంత బరువైందో నేను చూశాను.

ఆవిష్కరణకు పెద్ద నాయకుడు రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. అప్పటికే మైకులో రెండుసార్లు దేశభక్తి పాటలు అయిపోయి పెళ్ళి పాటలు నడుస్తున్నాయి. ఆయన రాయి మీద రాసింది చదవకుండానే కార్గిల్ కొండల మీద పోరాడిన మన ఊరి ముద్దుబిడ్డ అంటూ పావుగంట మాట్లాడాడు. సారు లేవబోతుంటే భూమన్న చొక్కా పట్టి కూర్చోబెట్టాడు. తెర లాగితే అది సిపాయి తుపాకికి చిక్కుకుని, విఠల్ నిచ్చెన వేసి తీయాల్సి వచ్చింది. తర్వాత వీరపత్నికి శాలువా అన్నారు. అవ్వ ఒక్కతే రాలేదు, తాతను రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. నాయకుడు శాలువా కప్పి, "ఈయనెవరమ్మా?" అన్నాడు. "మా ఇంటాయన," అంది అవ్వ. నాయకుడు తాతను చూశాడు. పైకి బొమ్మను చూశాడు. మళ్ళీ తాత మీసం చూశాడు. భూమన్న చెవి దగ్గరికి వంగి, మైకు దగ్గరే ఉందన్నది మరిచి, "బతికే ఉన్నడా?" అన్నాడు. అది ఊరంతా వినబడింది. కువైట్ నుంచి వచ్చినాయన, "మల్ల నన్నెందుకు వద్దన్నరు?" అని వెనక నుంచి అడిగాడు.

ఆ తర్వాత ఆరేడేళ్ళు తాత రోజూ పోయి ఆ దిమ్మె మీద కూర్చునేవాడు. సైకిళ్ళు ఆనిస్తే తిట్టేవాడు, మేకల్ని తోలేవాడు. పాకిస్తాన్ లడాయి అని ఎవరైనా అంటే, కాదు జర్మన్ లడాయి అని సరిదిద్దేవాడు. చదువు రానివాడు ఆ ఒక్క చరిత్ర పాఠం వచ్చే పోయే బస్సులన్నిటికీ చెప్పాడు. ఇప్పుడు చెప్పేవాడు లేడు. కొత్త బొమ్మలన్నీ కంప్యూటర్లో గీసి ఫైబరుతో చేసి లారీలో పంపుతున్నారు, ముక్కు గురించి పోట్లాడే పని లేదు. ఫ్యాక్టరీ మూతపడి ఆ పులిసిన వాసన కూడా పోయింది. ఊరు శుభ్రంగా ఉంది. మొన్న నేను యుద్ధాల్లో పోయినవాళ్ళ జాబితా కంప్యూటర్లో వెతికితే గంగారాములు చాలామందే వచ్చారు, తెల్ల గుమాస్తాలు తలా ఒక రకంగా రాసిన స్పెల్లింగులతో. ఒక్కరి పక్కన కూడా మా ఊరి పేరు లేదు. సర్పంచ్‌కు రాసిచ్చిన నాలుగు ముక్కల్లో ఊరి పేరే మొదట రాశాను.

తాత చనిపోయిన ఏడాది ఆగస్టు పదిహేనున నేను ఉద్యోగం చేసే ఊరి నుంచి వచ్చాను. జెండా ఎగరేశాక బొమ్మకు దండ వేద్దామని భూమన్న అంటే, అవ్వ తనే వేస్తానంది. కుర్చీ మీద కుర్చీ వేసి ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. బంతిపూల దండ. మెడలో వేసి, కొంగుతో సిమెంటు మీసం మీది దుమ్ము తుడిచింది. ఇంట్లో తాత ఫోటోకు కూడా కొనుక్కుని పోదామా అవ్వా అని దిగేటప్పుడు అడిగాను. అవ్వ నా భుజం మీద చెయ్యి ఆనించి, ఒక్కో కాలూ చూసుకుని దిగింది. "ఎందుకు, పేరు గాయినది, మూతి ఈయినది. ఒక్క దండతోని ఇద్దరికీ అయిపాయె," అంది. తర్వాత నా బస్సు ఎన్ని గంటలకని అడిగింది. ఇంట్లో ఆకు నానబెట్టి వచ్చిందట, ఎండితే పనికిరాదని తొందరపడింది.